రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారా? చర్మానికి చిన్న ఆపరేషన్ ఉంటే ఏం చేయాలి

వీపు మీద కొవ్వు గడ్డ, మెడ వెనక సిస్ట్, ముక్కు పక్కన నెమ్మదిగా పెరుగుతున్న మచ్చ. స్కిన్ డాక్టరు చూసి "తీసేద్దాం" అంటారు, లేదంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుదామంటారు. అక్కడివరకే మత్తు ఇంజెక్షన్, అరగంట ముప్పావుగంట పని, అదే రోజు ఇంటికి. ఇందులో టెన్షన్ పడాల్సిందేమీ లేదు. కానీ మీరు గుండెకో, పాత పక్షవాతానికో రోజూ రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటున్నారు. ఇంట్లో ఎవరో ఒకరు అననే అంటారు: "నాన్నా, రక్తం ఆగకపోతే ఎలా? ఓ వారం ముందు నుంచే ఆ మాత్ర మానెయ్."

ప్రేమతో అన్న మాటే. అసలు ప్రమాదం మాత్రం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

చర్మం మీద కోసిన చోట రక్తం వస్తే కంటికి కనిపిస్తుంది. వేలితో నొక్కి ఆపొచ్చు, కుట్టు వేయొచ్చు, మిషన్‌తో కాల్చి మూసేయొచ్చు. మాత్ర ఆపినందువల్ల గుండె రక్తనాళంలో వేసిన స్టెంట్‌లోనో, మార్చిన వాల్వు మీదో, మెదడు రక్తనాళంలోనో రక్తం గడ్డ కడితే అది కనిపించదు, నొక్కి ఆపడానికి వీల్లేదు. చర్మ క్యాన్సర్లకు ఆపరేషన్లు చేసే అమెరికన్ సర్జన్లను దీని గురించి అడిగి 2003లో ఒక సర్వే ప్రచురించారు. ఆపరేషన్ కోసం వార్ఫరిన్, ఆస్పిరిన్ లాంటివి ఆపిన తర్వాత గడ్డ కట్టి ఇబ్బంది పడినవాళ్లు అందులో 46 మంది తేలారు. వాళ్లలో 24 మందికి వచ్చింది పక్షవాతం. లక్షల ఆపరేషన్లలో ఇది చిన్న సంఖ్యే, నిజమే. కానీ వీపు మీద గడ్డ కోసం వెళ్లి చెయ్యీ కాలూ పడిపోయిన మనిషికి ఆ లెక్క చెప్పి ఏం లాభం?

అందుకే ఇప్పుడు చర్మం మీద చేసే చిన్న ఆపరేషన్లకు డాక్టర్లు ఎక్కువగా చెప్పేది మాత్ర ఆపకుండానే చేద్దామని. మినహాయింపులు ఉన్నాయి, కింద చెబుతాను. అవి మీకు వర్తిస్తాయా లేదా అన్నది తేల్చాల్సింది మాత్రం మీ డాక్టర్లే. మీరూ నేనూ, మెడికల్ షాపు అబ్బాయీ కాదు.

1. ముందు మాత్రల స్ట్రిప్పులన్నీ బయటికి తీయండి

"ఏం మందులు వాడుతున్నారు?" అని డాక్టరు అడిగితే మనవాళ్లలో చాలామంది చెప్పేది "బీపీకి ఒకటి, షుగర్‌కి రెండు, గుండెకు ఒక చిన్న తెల్ల మాత్ర." దానివల్ల ఉపయోగం లేదు. స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. లేదా వెనకవైపు సన్నక్షరాలు కనిపించేలా ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి.

ఆ సన్నక్షరాల్లోనే అసలు సంగతి ఉంటుంది. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్ అని చాలామందికి తెలుసు. కానీ ఎకోస్ప్రిన్ ఏవీ అనే క్యాప్సూల్‌ని "కొలెస్ట్రాల్ మాత్ర" అనుకుని వాడుతుంటారు. అందులో కొలెస్ట్రాల్ మందుతో పాటు ఆస్పిరిన్ కూడా ఉంది. ఎకోస్ప్రిన్ గోల్డ్‌లో ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ కూడా ఉంటుంది, అంటే రక్తం పల్చబడే మందులు రెండు. క్లోపిటాబ్ ఏ కూడా అంతే. ఒక్క మాత్రే వేసుకుంటున్నానని మీరు చెబితే డాక్టరు ఒక్క మందే అనుకుంటారు.

ఈ మందులు ప్రధానంగా మూడు రకాలు. మీది ఏ రకమో తెలుసుకుంటే మిగతా సంగతులు తేలిగ్గా అర్థమవుతాయి.

ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డ కట్టడానికి తోడ్పడే కణాలు, ఒకదానికొకటి అతుక్కోకుండా చేసేవి మొదటి రకం: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్. స్టెంట్ వేసినవాళ్లు, గుండెపోటు వచ్చినవాళ్లు ఎక్కువగా వీటి మీద ఉంటారు.

రెండోది విటమిన్ కె పనికి అడ్డుపడే పాత రకం: అసిట్రోమ్, వార్ఫ్ (ఇది వార్ఫరినే). వీటికి పీటీ ఐఎన్ఆర్ అనే రక్త పరీక్ష తరచూ చేయించుకోవాలి, ఆ నంబరు ఎంత ఎక్కువుంటే రక్తం గడ్డ కట్టడానికి అంత ఎక్కువసేపు పడుతుందని అర్థం. గుండెలో మెటల్ వాల్వు వేయించుకున్నవాళ్లు ఈ కోవలోకి వస్తారు. చిన్నప్పటి కీళ్లవాతం జ్వరం వల్ల వాల్వు పాడై, ఆరోగ్యశ్రీలో మార్పించుకున్నవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. వాళ్లందరూ ఈ గైడ్‌లో ఐఎన్ఆర్ గురించిన భాగాన్ని రెండుసార్లు చదవాలి.

మూడోది ఐఎన్ఆర్ పరీక్ష అవసరం లేని కొత్త రకం: ఎపిక్సబాన్, రివరోక్సబాన్, డబిగాట్రాన్. గుండె లయ తప్పినవాళ్లకు, కాళ్లలో రక్తం గడ్డ కట్టినవాళ్లకు ఇస్తారు.

ఇవి కాక ఎవరూ మందుగా లెక్కపెట్టనివి కొన్ని ఉంటాయి. చేప నూనె క్యాప్సూళ్లు, విటమిన్ ఇ, వెల్లుల్లి మాత్రలు, పసుపు సారం క్యాప్సూళ్లు, గింకో. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు వేసుకునే వోవెరాన్, కాంబిఫ్లామ్, జెరోడాల్ పి. తలనొప్పికి డిస్ప్రిన్, అది ఆస్పిరినే. ఇవన్నీ కూడా చెప్పండి. ఆపాల్సినవి ఏమైనా ఉంటే సాధారణంగా ఈ జాబితాలోనే ఉంటాయి. కూరలో వేసే పసుపు, వెల్లుల్లి గురించి బెంగ అక్కర్లేదు.

2. ఆ మాత్ర ఎందుకు ఇచ్చారో ఒక కాగితం మీద రాయండి

స్కిన్ డాక్టరు నిర్ణయం సగం దీని మీదే ఆధారపడుతుంది. స్టెంట్ అయితే ఏ నెలలో వేశారు, ఎన్ని వేశారు. వాల్వు అయితే ఏ వాల్వు, మెటల్‌దా టిష్యూదా. పక్షవాతం అయితే ఎప్పుడు వచ్చింది. కాలిలో గడ్డ అయితే ఎన్ని నెలలైంది. డిశ్చార్జి సమ్మరీ జిరాక్స్ ఉంటే ఇంకా మంచిది.

పేస్‌మేకర్ ఉంటే దాన్ని ఈ కాగితంలో మొదటి లైన్‌లోనే రాయండి. రక్తం ఆపడానికి వాడే కరెంటు మిషన్ కొన్ని పేస్‌మేకర్ల పనిలో తేడా తేగలదు. ముందే తెలిస్తే డాక్టరు వేరే పద్ధతిలో పని కానిస్తారు.

ఎవరూ చెప్పకుండా తనంతట తాను ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లూ ఉంటారు. యాభై దాటాక స్నేహితుడు వేసుకుంటున్నాడని మొదలుపెట్టి ఏళ్ల తరబడి కొనసాగిస్తుంటారు. గుండెపోటు, స్టెంట్, పక్షవాతం ఏదీ లేనివాళ్ల సంగతి వేరు. వీళ్లకు డాక్టరు ఆపరేషన్‌కి వారం, పది రోజుల ముందు ఆస్పిరిన్ ఆపమనొచ్చు. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ మళ్లీ మామూలు కాదు, కొత్తవి పుట్టాల్సిందే. వాటి ఆయుష్షు 7 నుంచి 10 రోజులు కాబట్టి అంత గడువు. పనిలో పనిగా అసలు ఆ మాత్ర మీకు అవసరమా అని కూడా అడిగేయండి.

3. ఇద్దరు డాక్టర్ల మధ్య మాట మీరు మోయకండి

స్కిన్ డాక్టరు "గుండె డాక్టర్ని అడిగి రండి" అంటారు. గుండె డాక్టరు హడావిడిలో "ఐదు రోజులు ఆపేయండి" అంటారు. ఆయన మనసులో ఉన్నది పొట్ట ఆపరేషనో, మోకాలి ఆపరేషనో కావచ్చు. మీరు అడిగింది "ఆపరేషన్ ఉంది సార్, మాత్ర ఆపాలా?" అని మాత్రమే కదా.

కాబట్టి స్కిన్ డాక్టరు దగ్గర రెండు లైన్ల చీటీ రాయించుకోండి. ఏం తీస్తున్నారు, ఎంత పెద్దది, మత్తు అక్కడివరకేనా, ఎన్ని కుట్లు పడొచ్చు, మాత్ర కొనసాగిస్తూ చేయడం తనకు సమ్మతమేనా. ఆ చీటీ చూపించి గుండె డాక్టరు దగ్గర ఇలా అడగండి: "సార్, వీపు మీద కొవ్వు గడ్డ తీస్తున్నారు. మాత్ర ఆపకుండా చేస్తామంటున్నారు. మీరేమంటారు? ఆపాలంటే ఏ రోజు చివరి మాత్ర, మళ్లీ ఏ రోజు మొదటి మాత్ర?" జవాబు కూడా కాగితం మీదే తీసుకోండి. ఆపమన్నవాళ్లు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పకపోతే ఆ సలహా సగమే వచ్చినట్టు. ఆపిన మాత్ర మళ్లీ మొదలుపెట్టడం మర్చిపోయి నెలలు గడిపేవాళ్లు ఉంటారు.

4. మందును బట్టి మారేది ఏమిటి

ఆస్పిరిన్ ఒక్కటే అయితే, అదీ గుండెపోటో, స్టెంటో, పక్షవాతమో వచ్చాక ఇచ్చినదైతే, మామూలుగా ఆపరు. కాస్త ఎక్కువ రక్తం చెమ్మగిల్లుతుంది, అంతే.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి వాడుతుంటే రక్తం కారడం ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. అయినా స్టెంట్ కొత్తదైతే రెంట్లో ఏ ఒక్కటీ మీ అంతట మీరు ఆపకూడదు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేసినవాళ్లకు రెండు మందులూ సాధారణంగా ఏడాది పాటు ఇస్తారు. గుండెపోటు లేకుండా వేసినవాళ్లకు ఆరు నెలల దాకా. తొందర లేని గడ్డ అయితే ఆ గడువు దాటేదాకా ఆపరేషన్నే వాయిదా వేయించుకోండి. కొవ్వు గడ్డకు తొందరేం లేదు. క్యాన్సర్ అనుమానం ఉన్న మచ్చను మాత్రం వాయిదా వేయొద్దు. మాత్రలు కొనసాగిస్తూనే తీయించుకోవాలి.

అసిట్రోమ్, వార్ఫ్ వాడేవాళ్లకు కీలకం ఐఎన్ఆర్. గుండె లయ తప్పినవాళ్లకు, కాళ్లలో గడ్డ కట్టినవాళ్లకు అది 2 నుంచి 3 మధ్య ఉండాలంటారు. మైట్రల్ వాల్వు మెటల్‌ది అయితే 2.5 నుంచి 3.5. మీ గీత ఏదో మీ ఐఎన్ఆర్ పుస్తకంలో రాసి ఉంటుంది, లేకపోతే రాయించుకోండి. ఆపరేషన్‌కి ముందు రోజో, మహా అయితే రెండు మూడు రోజుల లోపో పరీక్ష చేయించుకోవాలి. పోయిన నెల రిపోర్టు పనికిరాదు. మీకు పెట్టిన హద్దులో ఉండి, 3.5 దాటకపోతే చిన్న ఆపరేషన్లు సాధారణంగా కానిచ్చేస్తారు. దాటితే డోసు సరిచేసి వేరే తేదీ ఇస్తారు. మీరే ఓ పూట మాత్ర మానేసి నంబరు దించాలని చూడకండి. వార్ఫరిన్ ప్రభావం పూర్తిగా పోవడానికి దాదాపు ఐదు రోజులు పడుతుంది, మళ్లీ పట్టుకోవడానికి ఐదు రోజులో అంతకన్నా ఎక్కువో పడుతుంది. ఆ మధ్యకాలమంతా మెటల్ వాల్వుకు రక్షణ ఉండదు.

పరీక్ష ముందు వారంలో తిండి కూడా మార్చకండి. గోంగూర, పాలకూర, మునగాకులో విటమిన్ కె దండిగా ఉంటుంది. రోజూ తినే అలవాటుంటే తింటూ ఉండండి. తినని మనిషి ఆపరేషన్ ముందు బలం కోసమని వరసగా ఆకుకూరలు మొదలుపెట్టినా, తినేవాళ్లు హఠాత్తుగా మానేసినా ఐఎన్ఆర్ అటో ఇటో దారి తప్పుతుంది.

కొత్త రకం మందులకు ఐఎన్ఆర్ పరీక్ష అవసరం లేదు, చూడాల్సింది గడియారం. వేసుకున్న రెండు మూడు గంటల్లో వీటి ప్రభావం ఎక్కువగా ఉంటుంది, తర్వాత క్రమంగా తగ్గుతుంది. అందుకే కొందరు డాక్టర్లు మామూలుగానే వేసుకోమంటారు, మరికొందరు ఆ రోజు పొద్దుటి డోసు ఆపరేషన్ అయ్యాక వేసుకోమంటారు. పెద్ద కోత అయితే ఒకటి రెండు రోజులు ఆపించొచ్చు. డబిగాట్రాన్ వాడేవాళ్లకు కిడ్నీలు బలహీనంగా ఉంటే ఈ లెక్క మారిపోతుంది, మీ క్రియాటినిన్ రిపోర్టు కూడా పట్టుకెళ్లండి. చివరి మాత్ర ఏ టైముకు వేసుకున్నారో రాసిపెట్టుకోండి. తప్పిన డోసుకు బదులు రెండు మాత్రలు ఒకేసారి మింగకండి.

మాత్ర ఆపి, బదులుగా రక్తం గడ్డ కట్టనివ్వని హెపారిన్ ఇంజెక్షన్లు పొట్ట మీద పొడిచే పద్ధతి ఒకటుంది. గుండె లయ తప్పినవాళ్ల మీద 2015లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఈ ఇంజెక్షన్ల వల్ల రక్తస్రావం పెరిగిందే తప్ప గడ్డలు తగ్గలేదని తేలింది. చర్మం మీద చిన్న కోతకు ఈ తతంగం ఎవరైనా చెబితే, ఎందుకని అడగడానికి మొహమాటపడకండి.

ఇక మినహాయింపులు. చర్మం పెద్ద ముక్క తెచ్చి అతికించడం, కనురెప్పల ఆపరేషన్, లైపోసక్షన్, జుట్టు నాటించుకోవడం చిన్న ఆపరేషన్ల లెక్కలోకి రావు. జుట్టు నాటే క్లినిక్కుల్లో ఆస్పిరిన్ ఆపి రమ్మని మామూలుగా చెబుతుంటారు. స్టెంట్ ఉన్న మనిషి జుట్టు కోసం ఆ మాత్ర ఆపడం నా దృష్టిలో గిట్టుబాటయ్యే బేరం కాదు. ముందు గుండె డాక్టరు ఏమంటారో వినండి.

5. తేదీ, టైము తెలివిగా ఎంచుకోండి

సోమ, మంగళవారాల్లో పొద్దున్నే. శనివారం సాయంత్రం చేయించుకుంటే ఆ రాత్రో, ఆదివారమో రక్తం వస్తే క్లినిక్ మూసి ఉంటుంది. మీరు ఏదో ఒక క్యాజువాలిటీలో తెలియని డ్యూటీ డాక్టరుకు కథ మొదటి నుంచి చెప్పాలి. ఆ వారంలో పెళ్లి, తిరుమల మెట్లు, రాత్రి బస్సు ప్రయాణం లేకుండా చూసుకోండి.

ఆర్ఎంపీ దగ్గర కోయించుకోవడం, పులిపిరికి దారం బిగించి కట్టడం, సున్నం పెట్టడం ఈ మాత్రల మీద ఉన్నవాళ్లు అస్సలు చేయకూడని పనులు.

6. ఆపరేషన్ రోజు

ఆపమన్నవి తప్ప మాత్రలన్నీ వేసుకోండి. బీపీ మాత్ర మరీ ముఖ్యం. బీపీ పెరిగి ఉంటే ఏ బ్లడ్ థిన్నర్ లేకపోయినా రక్తం కారుతుంది. వేరేగా చెప్పకపోతే టిఫిన్ తినే వెళ్లండి. ముందు రోజు నుంచి మద్యం పుచ్చుకోకండి. బల్ల మీద పడుకునే ముందు మీరేం వాడుతున్నారో ఇంకోసారి చెప్పండి, ఫైల్లో ఉంది కదా అని ఊరుకోకండి.

మత్తు ఇంజెక్షన్‌లో తరచూ ఎడ్రినలిన్ కలుపుతారు. అది రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ రక్తం పెద్దగా రాదు. కొన్ని గంటలకు ఆ బిగింపు వదిలేస్తుంది. క్లినిక్‌లో అంతా శుభ్రంగా ఉండి, ఇంటికొచ్చాక సాయంత్రానికి డ్రెస్సింగ్ తడవడానికి కారణం చాలాసార్లు అదే. బయల్దేరే ముందు గట్టిగా ప్రెషర్ డ్రెస్సింగ్ వేయించుకోండి, రాత్రి ఫోన్ చేయడానికి నంబరు అడగండి.

7. మొదటి రెండు రోజులు

డ్రెస్సింగ్ మీద రూపాయి బిళ్లంత ఎర్ర మరక కనిపిస్తే కంగారు వద్దు. బాల్‌పెన్నుతో మరక అంచు చుట్టూ గీత గీసి, పక్కనే టైము రాయండి. గంట తర్వాత మరక గీత లోపలే ఉంటే పడుకోండి. గీత దాటి పాకుతుంటే కింద చెప్పినట్టు నొక్కాలి.

ముఖం మీదో తల మీదో అయితే రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టి పడుకోండి. వంగి బూట్లు కట్టుకోవడం, బకెట్లు ఎత్తడం, మనవణ్ణి ఎత్తుకోవడం రెండు రోజులు వద్దు. డాక్టరు చెప్పేదాకా డ్రెస్సింగ్ తడపకండి, ఆ చోట వేడి నీళ్లు పోయకండి. పెదవి దగ్గరైతే కాఫీ చల్లార్చి తాగండి.

రక్తం ఆగకుండా వస్తే చేయాల్సింది ఇది. కూర్చోండి. చెయ్యో కాలో అయితే గుండె కన్నా ఎత్తులో పెట్టండి. శుభ్రమైన గాజుగుడ్డో, ఉతికిన కాటన్ గుడ్డో నాలుగు మడతలు వేసి డ్రెస్సింగ్ పైనే పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కండి. గడియారం చూసి 20 నిమిషాలు. మధ్యలో ఆగిందా లేదా అని ఎత్తి చూడకూడదు, అక్కడే అందరూ తప్పు చేస్తారు. అప్పుడప్పుడే కడుతున్న పొర ఎత్తిన ప్రతిసారీ ఊడిపోయి లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఆగకపోతే ఇంకో 20 నిమిషాలు నొక్కండి, ఈలోగా ఇంట్లోవాళ్లు డాక్టరుకు ఫోన్ చేయాలి. అప్పటికీ ఆగకపోతే, లేదా మొదటి నుంచే ధారగా కారుతుంటే, గుడ్డ అలాగే నొక్కిపట్టుకుని ఆస్పత్రికి బయల్దేరండి. కాఫీ పొడి, పసుపు అద్దకండి. గాయంలో చీము పట్టడానికి అవి దారి, పైగా డాక్టరు అదంతా కడిగితే గానీ లోపల ఏముందో చూడలేరు.

బయటికి చుక్క రాకుండా లోపలే రక్తం పేరుకోవడం ఇంకో రకం. కుట్ల కింద చర్మం ఉబ్బి, బిగుసుకుని, నీలంగా మారి, నొప్పి గంట గంటకూ పెరుగుతుంటుంది. దీనికి పొద్దుటిదాకా ఆగొద్దు. కంటి దగ్గర ఆపరేషన్ అయి, కన్ను ఉబ్బి, నొప్పితో చూపు మసకబారితే అది ఎమర్జెన్సీ.

మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి లేవకపోవడం, ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టడం గడ్డ కట్టిందనడానికి గుర్తులు కావచ్చు. మాత్ర ఆపినవాళ్ల ఇంట్లో ఇవి అందరికీ తెలిసి ఉండాలి. కాలి వాపైతే అదే రోజు డాక్టరుకు చూపించండి, మిగతావాటికి వెంటనే 108.

8. నొప్పికి, ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే మందులు

నొప్పికి పారాసెటమాల్. డోలో 650 అలాంటిదే. మెడికల్ షాపులో "నొప్పి మాత్ర ఇవ్వండి" అంటే చేతిలో పడేది తరచూ ఎసిక్లోఫెనాక్ కలిసినదే, దాంతో రక్తస్రావం పెరుగుతుంది. పేరు పెట్టి అడగండి. అసిట్రోమ్, వార్ఫ్ మీద ఉన్నవాళ్లు పారాసెటమాల్ కూడా రోజుకు మూడు నాలుగు చొప్పున రోజుల తరబడి వాడితే ఐఎన్ఆర్ పెరగొచ్చు.

యాంటీబయాటిక్ రాస్తుంటే "నేను అసిట్రోమ్ మీద ఉన్నాను" అని ఆ క్షణంలోనే గుర్తుచేయండి. మెట్రోనిడజోల్, సెప్ట్రాన్, సిప్రోఫ్లాక్సాసిన్, క్లారిత్రోమైసిన్ ఐఎన్ఆర్‌ని పెంచగలవు. స్కిన్ డాక్టరు దగ్గర ఇంకో ముఖ్యమైన సంగతి, తామర మందులు. ఫ్లుకోనజోల్ వార్ఫరిన్ ప్రభావాన్ని బాగా పెంచుతుంది. ఇట్రాకొనజోల్ కొత్త రకం మాత్రల ప్రభావాన్ని కూడా పెంచుతుంది. గజ్జల్లో తామరకు పాత చీటీ చూపించి క్యాప్సూళ్లు కొనుక్కునే అలవాటుంటే ఈ మాత్రల మీద ఉన్నన్నాళ్లూ మానుకోండి. తప్పనిసరై ఇలాంటి మందు వాడాల్సి వస్తే నాలుగైదు రోజుల్లో ఓసారి ఐఎన్ఆర్ చూపించుకోండి.

అమెరికాలో పిల్లల దగ్గర ఉండగా ఆపరేషన్ పడితే ఒక చిక్కుంది. అసిట్రోమ్‌లోని ఎసినోకుమరాల్ అక్కడ అమ్మరు, అక్కడి డాక్టరు ఆ పేరే విని ఉండకపోవచ్చు. మందు పేరు స్పెల్లింగ్‌తో, వార్ఫరిన్ జాతిదేనన్న మాటతో, మీ చివరి ఐఎన్ఆర్‌లతో ఇక్కడి డాక్టరు చీటీ ఒకటి వెంట ఉంచుకోండి.

ముఖం మీద కుట్లు సాధారణంగా 5 నుంచి 7 రోజుల్లో, వీపు, కాళ్ల మీద 10 నుంచి 14 రోజుల్లో విప్పుతారు. విప్పించుకోవడానికి వెళ్లేటప్పుడు కూడా మాత్ర మానక్కర్లేదు. బయాప్సీకి పంపి ఉంటే ఆ రోజే రిపోర్టు అడిగి తీసుకోండి. అంచుల్లో ఇంకా మిగిలిందని రాసి, మళ్లీ కోయాలంటే, ఈసారి స్ట్రిప్పుల కవరూ డాక్టర్ల చీటీలూ సిద్ధంగానే ఉంటాయి. ఐఎన్ఆర్ మాత్రం మళ్లీ కొత్తగా చేయించుకోవాలి.